పడుకున్న గోపురం

ఆ నీడ చల్లగా ఉంటుంది.

పొద్దు వాలుతుంటే మొంతెవేరా గంటగోపురం నీడ మెల్లగా కొండ దిగుతుంది. ఆలివ్ తోటలు దాటుతుంది. వాగు దాటుతుంది — పాదం తడవకుండా. తూర్పు కొండ ఎక్కుతుంది. అక్కడ కాస్తెల్‌బ్రూనా ఊరి గోడ దూకి, భోజనానికి కూర్చున్నవాళ్ల చిక్కుడుగింజల పులుసులో పడుతుంది.

పులుసు చల్లారిపోతుంది.

కాస్తెల్‌బ్రూనాలో వేడి పులుసు తాగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

అంత ఎత్తు మా గోపురం. ఇటలీలో ఈ ఉంబ్రియా కొండలన్నీ వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకదు. నమ్మనివాళ్లు అవతలి ఊరు వెళ్లి ఒక గిన్నె పులుసు తాగి రావచ్చు.

దాన్ని కట్టినవాడు మేస్త్రీ వెంతూరా.

అస్సీసి పేదస్వామి ఫ్రాంచెస్కో కన్నుమూసి రెండు తరాలు గడిచిన రోజులవి. వెంతూరా అప్పటికి సగం బతుకు నేల కిందే గడిపాడు. ఊళ్లో బావులన్నీ అతను తవ్వినవే. బావి తవ్వి, చుట్టూ రాయి పేర్చి, తడి మట్టి వాసనతో పైకి వచ్చేవాడు. వచ్చీ రాగానే తలెత్తి ఆకాశం చూసేవాడు.

బావి అంటే ఏమిటి... తలకిందులుగా కట్టిన గోపురమే కదా.

ఒక్కసారి — ఒక్కసారైనా — నిటారుగా కట్టాలి.

ఆ కోరిక అతని లోపల సున్నపు గుంటలా కుతకుతలాడేది. పైకి నిమ్మళం. చెయ్యి పెడితే కాలుతుంది.

అలాంటివాడికి చిన్నతమ్ముళ్ల గుడి కట్టే పని దొరికింది.

ఫ్రాంచెస్కో వెంట నడిచినవాళ్లు తమను తాము చిన్నతమ్ముళ్లు అనుకునేవారు. బూడిదరంగు అంగీ, నడుముకు ముళ్లు వేసిన తాడు, చెప్పుల్లేని కాళ్లు. ఇంటింటికీ వెళ్లి రొట్టె అడుక్కునేవారు. ఊరు వాళ్లను ఫ్రా అని పిలిచేది — అన్నా అని. కోటద్వారం బయట, గాడిదలు మేసే బంజరులో ఒక చెక్క పాకలో ఉండేవారు. ఆ పాక పక్కన ఊరు గుడి ఎత్తడం మొదలుపెట్టింది.

గోడలు లేచాయి.

తెల్లరాయి ఒక వరస. గులాబీరాయి ఒక వరస. గులాబీరాయి పొద్దున్నే తడిగా మెరిసేది, అప్పుడే కోసిన పుచ్చకాయలా.

తెల్లటి ఎడ్లు చెస్ట్‌నట్ దూలాలు లాక్కొచ్చాయి. వాటి మెడల మీద చెమట, వాటి ముక్కుల నుంచి ఆవిరి. ఊరంతా తాడు పట్టింది. కసాయి పట్టాడు, మంత్రసాని పట్టింది, పెళ్లికూతురు పట్టింది. దూలం గాలిలో ఊగింది... ఊగింది... గోడల మీద వాలింది. ఆ చప్పుడుకు కాస్తెల్‌బ్రూనా కుక్కలు మొరిగాయి.

లోపల ఒక్కటే పొడవాటి సాల. పడవను బోర్లించినట్టు పైన దూలాలు. దాచిందేమీ లేదు, ఒంటి ఎముకల్లా అన్నీ కనిపిస్తాయి.

ఎందుకంటే చిన్నతమ్ముళ్లకు ఒక కట్టుబాటు ఉంది. వాళ్ల పెద్దలు కూడి రాసుకున్నది. రాతి కమాను కప్పు బలిపీఠం మీద తప్ప ఇంకెక్కడా ఉండరాదు. రంగుల అద్దాల్లో బొమ్మలు బలిపీఠం వెనక కిటికీలో తప్ప ఇంకెక్కడా ఉండరాదు.

గంటకు గోపురం కట్టరాదు.

గీత దాటితే, బాధ్యుడైనవాణ్ని ఆ మఠం నుంచి పంపేస్తారు. మళ్లీ గడప తొక్కనివ్వరు.

ఆ సంగతి వెంతూరాకు తెలుసు. ఊరికీ తెలుసు. మఠం పెద్ద ఫ్రా అమాతోకు అందరికంటే బాగా తెలుసు.

ఫ్రా అమాతో ముసలివాడు. కళ్లకు పొరలు. చెట్టును చెట్టుగా చూస్తాడు, కొమ్మలను చూడలేడు. మనిషిని రొట్టె వాసనతో పోల్చుకుంటాడు — ఎవరింటి రొట్టె ఎలా కాలుతుందో ఆయనకు తెలుసు. కుడిచేతి రెండు వేళ్లకు గోళ్లు లేవు.

ఆ గోళ్ల కథ చిన్నది. ఒక వేసవిలో బావి కూలింది. వెంతూరా అడుగున ఉన్నాడు. ఊరు పారలు తేవడానికి పరిగెత్తింది. ఫ్రా అమాతో పరిగెత్తలేదు. అక్కడే బోర్లా పడుకుని చేతులతో తవ్వాడు. పారలు వచ్చేసరికి మేస్త్రీ తల బయట ఉంది, ఊపిరి పీలుస్తోంది.

ఆ మనిషినే వెంతూరా మోసం చేశాడు. నవ్వుతూ చేశాడు.

"గుడి పక్కన ఈ నాలుగు గోడలు దేనికి మేస్త్రీ?" అని అడిగాడు ఫ్రా అమాతో, రాళ్లు తడుముతూ.

"మెట్లకు, అన్నా. పెంకులు జారితే ఎక్కి సర్దాలి కదా."

"నిచ్చెన చాలదా?"

"నిచ్చెనెక్కే వయసా మీది? కింద పడితే మళ్లీ నాచేతే గొయ్యి తవ్విస్తారు."

ఫ్రా అమాతో పకపకా నవ్వాడు. "సరే కట్టు. కప్పు దాకానే సుమా."

కప్పు దాకానే.

మెట్లు కప్పు దాకా వచ్చాయి. ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ సాయంత్రం వెంతూరా ఆఖరి మెట్టు మీద నిలబడ్డాడు. గాలి వచ్చింది. చొక్కాలో దూరింది. కింద లోయ మొత్తం — ద్రాక్షతీగలు, వాగు, పొగలు, అవతలి కొండ — అరచేతిలో పెట్టినట్టు కనిపించింది.

ఇంకొక్క వరస... అనుకున్నాడు.

తర్వాత ఇంకొకటి.

వానకోయిలలు వచ్చాయి. పనివాళ్లు ఎక్కి నిలబడే సారువ దుంగలు దూర్చడానికి గోడలో వదిలిన కన్నాలు చూసుకున్నాయి. ఒక్కో కన్నం ఒక్కో కాపురం అయింది. గోపురం చుట్టూ కీచుకీచుమంటూ తిరిగాయి. అవి తిరుగుతున్నంత పైకి రాయి లేచింది. రాయి లేచినంత పైకి అవి తిరిగాయి. ఎవరు ఎవర్ని లాక్కెళ్తున్నారో చెప్పడం కష్టం.

ఊరికి పూనకం వచ్చింది.

కాస్తెల్‌బ్రూనాకు ఒక గోపురం ఉండేది. బారెడు. దాని నీడ దాని కాళ్ల దగ్గరే పడేది. అయినా సంతలో వాళ్లు మొంతెవేరా వాళ్లను చూసి, "మీ ఊరెక్కడబ్బా, గడ్డిలో కనపడదు," అనేవాళ్లు. ఇప్పుడు చూడండిరా అని మా ఊరు రాయి మోసింది. ఇసుక జల్లించింది. ఫ్రా అమాతో రొట్టెకు బయలుదేరితే ఎవరో ఒకరు మోచెయ్యి పట్టుకుని, "గుంట ఉందన్నా, కింద చూసుకోండి... ఇక్కడ రాయి ఉందన్నా," అంటూ తల ఎత్తనివ్వకుండా ఊరు దాటించేవారు.

ఊరంతా దొంగే. ఇంత సంతోషంగా దొంగతనం చేసిన ఊరు ఇంకొకటి ఉండదు.

ఒక్క దొల్చే మాత్రం నవ్వలేదు. వెంతూరా పెళ్లాం. దొల్చే అంటే తీపి అని అర్థం. పేరు పెట్టినప్పుడు దానికింకా మాటలు రాలేదు.

"ఏమయ్యా, మెట్లు ఎక్కడిదాకా?" అని కింద నుంచి అరిచింది.

"అయిపోవచ్చిందే."

"చంద్రుడికి పెంకులు జారాయా, సర్దడానికి పోతున్నావా?"

"గంట లేనిది గోపురమెట్లా అవుద్దే? గంట కట్టలేదుగా."

"ఊఁ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంట. ఆయన నిన్ను మట్టిలోంచి తీశాడు. నువ్వాయన్ని ఎందులోకి దించుతున్నావో చూసుకో."

వెంతూరాకు వినిపించింది. వినిపించనట్టు రాయి మీద సున్నం పరిచాడు.

తడి సున్నం. తెల్లటి సున్నం. ఇంకొక వరస.

వైశాఖపు ఎండల్లాంటి ఎండల్లో, ద్రాక్ష పూత మీద ఉండగా, తనిఖీ అన్న వచ్చాడు.

ఫ్రా గెరార్దో. మఠాలన్నీ తిరిగి కట్టుబాటు చూసేవాడు. గుర్రం ఎక్కడు, గాడిద ఎక్కడు, కాలినడకే. ఎండిన చేపలా ఉంటాడు. కోటద్వారం దగ్గర ఆగి నీళ్లు అడిగాడు. తాగడానికి తల పైకెత్తాడు.

తల అలాగే ఉండిపోయింది.

ఊరు కూడా తలెత్తింది. వానకోయిలలు తిరుగుతున్నాయి.

"ఇదేంటి?"

"మెట్లండి," అన్నాడు వెంతూరా.

"ఎక్కడికి?"

వెంతూరా చేతుల సున్నం తుడుచుకున్నాడు.

"స్వర్గానికైతే దారి ఇటు కాదు మేస్త్రీ," అన్నాడు ఫ్రా గెరార్దో. గిన్నె తిరిగి ఇచ్చేశాడు.

ఫ్రా అమాతో బయటికి వచ్చాడు. "మెట్లే. నేనే ఒప్పుకున్నాను. కప్పు దాకా."

తనిఖీ అన్న కోప్పడలేదు. ముసలాయన చెయ్యి పట్టుకుని రాతి మీద పెట్టాడు. "ఎక్కండి," అన్నాడు.

ఫ్రా అమాతో ఎక్కాడు.

గోడ తడుముకుంటూ ఎక్కాడు. కప్పు వచ్చింది. మెట్లు ఆగలేదు. ఆయన అడుగు ఒక్కసారి ఆగింది — కింద ఊరికి ఆ ఆగడం వినిపించింది. మళ్లీ మొదలైంది. పైకి. ఇంకా పైకి. వానకోయిలల అరుపులు ఆయన చెవుల పక్కగా పోయాయి. ఆఖరి మెట్టు మీద గాలి ఆయన గడ్డం పట్టుకుని ఊపింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏం చూశాడో... ఆ కళ్లకు ఏం కనిపించిందో...

దిగి వచ్చాడు. నేరుగా వెంతూరా దగ్గరికి నడిచాడు. సున్నం వాసన పట్టుకుని.

"చాలా బాగుంది మేస్త్రీ," అన్నాడు.

అంతే. అది కాక ఇంకేమన్నా వెంతూరా తట్టుకునేవాడు. తిడితే తట్టుకునేవాడు.

ఫ్రా అమాతో తనిఖీ అన్న వైపు తిరిగాడు. "తప్పు నాది. కళ్లు లేవనడం సాకు కాదు. చేతులున్నాయి, తడిమి చూసుకోవాల్సింది."

ఫ్రా గెరార్దో తీర్పు చిన్నది. దక్షిణాదిన ఇంకా మఠాలు చూడాలి. ఆగస్టు నడుమ వచ్చే మరియమ్మ పండుగకు తిరిగి వస్తాడు. అప్పటికి గోపురం నిలబడి ఉంటే ఫ్రా అమాతో తన సామాను కట్టుకుని ఆయన వెంట నడవాలి. మళ్లీ మొంతెవేరా గడప తొక్కరాదు. గోపురం లేకపోతే — "అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఎండిన కాళ్లతో వెళ్లిపోయాడు.

ఊరు రెండుగా చీలింది. చీలడం అంటే, ఒకవైపు ఊరంతా. ఇంకోవైపు దొల్చే.

"ఫ్రాలు వస్తారు పోతారు. గోపురం ఉంటది," అన్నాడు కసాయి. "ఈయన పోతే ఇంకొకాయన్ని పంపుతారు. కళ్లున్న ఆయన్నే పంపుతారేమో."

"నీ బావి బాకీ నువ్వు తీర్చుకో మేస్త్రీ," అన్నాడు ఉన్ని వర్తకుడు. "రాయి మోసింది మా వీపులు."

"మోశారులే," అంది దొల్చే. "మీ జ్వరాల్లో మీ మలం మోసిందెవరో గూడా చెప్పండి."

వెంతూరా వెళ్లి గోపురం కింద కూర్చున్నాడు. వీపు రాతికి ఆనించాడు. పగలంతా ఎండ తాగిన రాయి వెచ్చగా ఉంది — పసిబిడ్డ వీపులా.

ఒక్క గోపురం. బతుకు మొత్తానికి ఒక్కటి.

పొద్దున్నే గునపం తీసుకుని ఎక్కాడు.

పై వరసలో కన్నంలోంచి నోళ్లు తెరుచుకున్నాయి. ఎర్రటి నోళ్లు. ఈకలు రాని పిల్లలు.

గునపం దించాడు.

వానకోయిల గూడు చెదిరితే ఆ ఏడు వాన ముఖం చాటేస్తుందని మా కొండల్లో నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచితే, ఆ నోళ్లు చూసి ఎవడు గునపం వేస్తాడు? పిల్లలు ఎగరాలి. అంతవరకూ ఆగాలి. అటు చూస్తే మరియమ్మ పండుగ నడిచి వస్తోంది, చెప్పుల్లేని కాళ్లతో.

రోజులు గడిచాయి. గోధుమలు కోశారు. పిల్లలకు ఈకలు రాలేదు. గోధుమలు నూర్చారు. ఈకలు వచ్చాయి, రెక్కలు రాలేదు. ఊరు పొద్దున లేవగానే గోపురం వైపు చూసేది. కసాయి కూడా చూసేవాడు, ఎవరూ గమనించనప్పుడు.

ఒక ఉదయం...

ఒకటి జారింది. పడిపోయింది అనుకున్నారు. పడలేదు. లోయ మీద గీత గీసినట్టు పోయింది. దాని వెంట ఇంకొకటి. ఆ వెంట గుప్పెళ్లకొద్దీ విసిరినట్టు — అన్నీ. ఆకాశం నిండా కొడవళ్లు. కీచుకీచుమని ఒకటే గోల.

కన్నాలు ఖాళీ అయ్యాయి.

వెంతూరా పైకెక్కి మొదటి రాయి కదిలించాడు. సున్నం ఇంకా లోపల పచ్చిగానే ఉంది. రాయి సులువుగా ఊడి వచ్చింది, పాలపన్నులా. అదే అతనికి కష్టమనిపించింది.

రాయిని గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు. రెండో రాయికి ఎక్కబోతే మెట్ల మీద దొల్చే ఎదురైంది. గంప చంకన పెట్టుకుని.

"చూస్తావేం? నింపు," అంది.

మూడో గంప కసాయిది. "మోసిన వీపులే దింపాల. ఇంకొకడికి చేతగాదు," అని గొణిగాడు, తనలో తనే.

ఇక ఆగలేదు. మెట్ల నిండా మనుషులు. పై నుంచి కింద దాకా చేతులే చేతులు. రాయి ఒక చేతి నుంచి ఇంకో చేతికి, తెల్లరాయి, గులాబీరాయి, పాట పాడుతూ, తిట్టుకుంటూ, వేళ్లు నలిగితే నవ్వుకుంటూ. కట్టేటప్పుడు ఇంత హడావిడి లేదు. గోపురం తన మెట్ల మీద తనే నడిచి దిగుతున్నట్టు ఉంది.

దిగింది. కప్పు దాకా దిగి ఆగింది.

అందుకే ఆ నీడ గురించి ఇప్పుడు ఒక మాట చెప్పేయాలి. నీడ లేదు. గోపురం లేదు. కాస్తెల్‌బ్రూనా వాళ్లు పులుసు నిక్షేపంగా వేడివేడిగా తాగుతున్నారు, నాలుకలు కూడా కాల్చుకుంటున్నారు. మా గుడి ముందుగోడను కాస్త పైకి లేపి, అందులో రెండు కిటికీలు వదిలి, రెండు చిన్న గంటలు వేలాడదీశారు. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. తల పెద్దగా ఎత్తక్కర్లేదు.

సరే. రాళ్లు?

రాళ్లు మఠం వెనక కుప్పపడ్డాయి. అక్కడో బావి ఉంది, వెంతూరా తవ్విందే. చిన్నతమ్ముళ్లు దాని చుట్టూ నడుస్తూ ప్రార్థనలు చదువుకునేవారు. ఎండలో, వానలో. దింపినవాళ్లు దింపినట్టే పడేయడంతో కుప్ప పొడవుగా, బావికి ఒక పక్కన గట్టులా తయారైంది.

వెంతూరా ఆ గట్టు వైపు చూడలేక మొహం తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు ఫ్రా అమాతో వచ్చాడు. రోజూ ఒకరి భుజం పట్టుకుని తిరిగే మనిషి. ఆ రోజు ఎవరినీ పట్టుకోలేదు. గోళ్లు లేని వేళ్లను రాళ్ల మీద ఆనించాడు. వాటి వెంటే నడిచాడు. ఒక్కడే. తడబడకుండా. కుప్ప ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ.

వెంతూరా లేచి నిలబడ్డాడు.

పైకి లేచింది గోపురం. కిందికి దిగింది బావి. మరి పక్కకు పడుకున్నది...?

"దొల్చే," అని కేక పెట్టాడు. "తాడు తే. ఇంకా గంపలు తే. ఊరిని తే."

"ఊరిని నేనెక్కణ్ణుంచి తేను? ఇప్పుడే కదా ఇళ్లకు పోయింది," అంటూనే పరిగెత్తింది.

బావి చుట్టూ, చిన్నతమ్ముళ్లు నడిచే దారి వెంట, నడుము ఎత్తు గోడ. ముసలి చెయ్యి ఆనించుకోవడానికి. గోడ మీద పొట్టి స్తంభాలు. వాటి మీద సారువ దుంగలే వాసాలు. పైన పెంకులు. గోపురపు పై మెట్లు గోడ పొడవునా కూర్చునే అరుగులయ్యాయి. వానకోయిలల కన్నాలున్న రాళ్లను కూడా వదల్లేదు, అవి ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నాయి. తెల్లస్తంభం, గులాబీస్తంభం. వెలుగు, నీడ. ఒక వైపు అయింది. మూల తిరిగింది. రెండో వైపు అయింది. పండుగ ముంచుకొస్తోంది, ఊరు రొట్టె నిలబడే తింటోంది, మూల తిరిగింది, మూడో వైపు...

రాళ్లు అయిపోయాయి.

గోపురం అంతవరకే ఉంది.

నాలుగో వైపు ఖాళీ. అక్కడ గడ్డీ, రెండు ఉల్లి మడులూ.

మరియమ్మ పండుగ రోజు ఫ్రా గెరార్దో వచ్చాడు. వాన కురుస్తోంది. పెద్ద పెద్ద చినుకులు, వేసవి దుమ్మును కొట్టి లేపుతున్న చినుకులు. ద్వారం దగ్గర ఆగి తలెత్తాడు. ఆకాశం తప్ప ఏమీ లేదు. లోపలికి నడిచాడు. ఊరు వెనకే నడిచింది.

ఫ్రా అమాతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మూట. అందులో ఒక గిన్నె, ఒక ప్రార్థన పుస్తకం, దొల్చే పెట్టిన ఉల్లిరొట్టె.

"ఇదేంటి?" అన్నాడు ఫ్రా గెరార్దో.

"అవే మెట్లండి," అన్నాడు వెంతూరా. "పడుకోబెట్టాం."

తనిఖీ అన్న పెంకుల కిందికి అడుగుపెట్టాడు. గోడ మీద చెయ్యి ఆనించాడు. నడిచాడు. వాన పెంకుల మీద పడుతోంది, అంచుల నుంచి దారాలు దారాలుగా జారుతోంది, బావి తాగుతోంది. ఒక మూల. ఇంకో మూల. మూడో వైపు చివర దాకా పోయాడు. ఆగాడు. ఎదురుగా ఉల్లి మడులు తడుస్తున్నాయి. వెనక్కి తిరిగి మళ్లీ నడిచాడు. మళ్లీ ఆ చివరికి. మళ్లీ ఈ చివరికి. తడి కాళ్ల ముద్రలు ఆరేలోపు వాటి మీద వేరే ముద్రలు.

ఫ్రా అమాతో మూట ఒళ్లోకి తీసుకున్నాడు. పిలుపు కోసం చెవి ఒగ్గాడు.

చివరికి ఫ్రా గెరార్దో నాలుగో వైపు దగ్గర నిలబడ్డాడు. ఖాళీని చూస్తూ అడిగాడు.

"రాయి అయిపోయిందా?"

"అయిపోయిందండి."

ఎండిన చేప లాంటి ఆ మొహంలో ఎక్కడో ఒక మూల కదిలింది.

"ఇంకొంచెం ఎత్తు కట్టి ఉండాల్సింది మేస్త్రీ," అన్నాడు.

అని, మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత గోడ మీది చిన్న గంటలు మోగాయి. అందరూ ప్రార్థనకు లేచారు. మూట అరుగు మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరు విప్పారో, ఎప్పుడు విప్పారో, మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

నాకు తెలిసినంతవరకూ ఇదంతా నిజం. వాన ఒక్కటే నాది. తనిఖీ అన్నను పెంకుల కింద అన్నిసార్లు తిప్పడానికి ఏదో ఒక కారణం కావాలి కదా అని కురిపించాను.

ఆ రోజు చినుకు పడలేదు. నెత్తి మీద ఎండ కూడా లేదు. హాయిగా మబ్బు పట్టి, ఎక్కడైనా నిలబడగలిగినంత చల్లగా ఉంది.

అయినా ఆయన బయటికి రాలేదు.